దస్తగిరి అతుకు

నేను ఒక గిటారును. నా బ్రిడ్జి ఊడిపోయిన రోజు 1986 ఏప్రిల్ 11, శుక్రవారం. బ్రిడ్జి అంటే నా పొట్ట మీద అతికించి ఉండే జానెడు నల్లచెక్క. ఆరు తీగలూ ఒక కొసన దాన్నే పట్టుకుని ఉంటాయి. ఆ సాయంత్రం గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్ వేదిక మీద, ఆరేడు వందల మంది చూస్తుండగా అది ఊడి ఎగిరిపడింది. తొమ్మిది రోజుల తర్వాత దాన్ని మళ్ళీ అతికించారు. ఆ సాయంత్రమే ఒక మనిషి పేరు కూడా పోయింది. దాన్ని ఎవరూ అతికించలేదు.

ఇలాంటి కథ పుట్టుకతో మొదలుపెట్టడం పద్ధతి. నా పుట్టుకలో గొప్పేమీ లేదు. కలకత్తాలో ఒక ఇరుకు సందులో ఒకాయన నా పొట్టకు తెల్లచెక్క కోశాడు. ఇంకొకాయన కాలే గొట్టం మీద నా పక్కలు వంచాడు. మూడో ఆయన మెడ చెక్కాడు. ముగ్గురిలో ఒక్కరూ తమ పేరు రాసుకోలేదు. నా మీద ఒక్క దెబ్బ కూడా వెయ్యని దుకాణం యజమాని పేరు మాత్రం రంగు కాగితం మీద అచ్చు వేసి లోపల అంటించారు. మనుషులు పేర్లు పంచుకునే తీరు నాకు అక్కడే మొదట తెలిసింది.

నన్ను గుంతకల్లుకు తెచ్చింది ఎడ్విన్ దొర. గూడ్సు బండి గార్డు. ఆయన రైల్వే ఇన్‌స్టిట్యూట్ వరండాలో కూర్చుని వాయిస్తుంటే కాలనీ వాళ్ళు చుట్టూ చేరేవాళ్ళు. వాళ్ళలో పంతొమ్మిదేళ్ళ దేవసహాయం ఒకడు.

ఒకరోజు దొర వాయించడం ఆపి అడిగాడు. “ఏయ్ మ్యాన్, అందరూ ఈ కుడిచెయ్యి చూస్తారు. నువ్వు ఎందుకు ఎడమచెయ్యి చూస్తావ్?”

“రాగం ఆ చేతిలో కదా సార్ పుడతాండేది.”

దొర చాలాసేపు నవ్వాడు. హుబ్బళ్ళికి బదిలీ అయి సామాను కట్టేటప్పుడు దేవసహాయాన్ని పిలిపించి నన్ను అతని చేతుల్లో పెట్టాడు. “అమ్మినావంటే దయ్యమై వచ్చి పట్టుకుంటా మ్యాన్. వాయించకుండా గోడకి తగిలించినా పట్టుకుంటా.”

అది 1973. అప్పటి నుంచి నేను దేవసహాయం దగ్గరే ఉన్నాను. ఆయన మునిసిపల్ హైస్కూల్లో సోషల్ చెప్పేవాడు. బడిలో ఏ పిల్లవాడి చెవీ మెలిపెట్టలేదని ఆయనకు పేరుంది. ఇంటికొచ్చి నా మెడ కొసన తీగలు బిగించే చెవులు ఆరూ రోజూ మెలిపెట్టేవాడు. ఆదివారం చర్చిలో కీర్తనలకు వాయించేవాడు. మిగతా రోజుల్లో నవజ్యోతి ఆర్కెస్ట్రాలో సినిమా పాటలకు వాయించేవాడు. మాట తక్కువ మనిషి. అన్నమాటను తూచి అనేవాడు. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉన్నాక నాకూ అదే అలవాటైంది.

గిటార్ల గురించి అడిగితే మాత్రం కొంచెం మాట్లాడేవాడు. మెరుపు ఎక్కువున్న గిటారును నమ్మేవాడు కాదు. కొత్త తీగ మొదటి రెండు రోజులూ అబద్ధం పలుకుతుందనీ, దాని మాట మూడో రోజు నుంచి వినాలనీ అనేవాడు. ఆయనకు నచ్చిన వాయిద్యగాళ్ళకు పేర్లు లేవు. పాటలో పల్లవి అయిపోయి చరణం మొదలయ్యే లోపల నాలుగైదు క్షణాలు గిటారు పలుకుతుంది కదా, అది వాయించినవాళ్ళు ఆయనకు ఇష్టం. రేడియోలో అలాంటి ముక్క వస్తే అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని వినేవాడు. “పాడినోళ్ళ పేరు చెప్తారు, రాసినోళ్ళ పేరు చెప్తారు. ఈ మహానుభావుడి పేరు ఎవురూ చెప్పరు,” అని బాధపడేవాడు. పని చేసినవాడి పేరు చెప్పకపోవడం పాపమని పిల్లలకు కూడా చెప్పేవాడు. తాజ్‌మహల్ పాఠం వచ్చిన ప్రతి ఏడూ చెప్పేవాడు.

ఇప్పుడు దస్తగిరి సంగతి.

దూదేకుల దస్తగిరి వడ్రంగి పని చేసేవాడు. అసలు విద్య వాయిద్యాల మరమ్మతు. భజన గుళ్ళ హార్మోనియాలు, చర్చి హార్మోనియం, నాటకాలవాళ్ళ తబలా చట్రాలు, అన్నీ ఆయన ఇంటి వసారాకే వచ్చేవి. చెక్కను వేలితో కొట్టి చెవి ఆనించి వినేవాడు. దేవసహాయం కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అయినా “సారూ” అనేవాడు. దేవసహాయం “అన్నా” అనేవాడు. కొత్త జిగుర్లు బజార్లోకి వచ్చినా దస్తగిరి సరేసు వదల్లేదు. పశువుల తోలు ఉడికించి తీసే ఆ జిగురు గడ్డల్ని, నీళ్ళగిన్నెలో ఇంకో గిన్నె పెట్టి సన్నని సెగ మీద కరిగించేవాడు. వాసనకు వీధిలో వాళ్ళు తిట్టుకునేవాళ్ళు.

“మరమ్మతు కండ్లకి కనపడితే సగం తప్పు, చెవికి వినపడితే పూరా తప్పు,” అనేవాడు.

ఆయనకు ఒక అలవాటుంది. పని అయ్యాక నా కడుపులో, పొట్టచెక్క లోపలి వైపున, పెన్సిలుతో రెండు ముక్కలు రాసేవాడు. అద్దం పెట్టి చూస్తే తప్ప అది ఎవరికీ కనపడదు. “ఇంగొకడు ఎప్పుడో ఇది విప్పుతాడు సారూ. వానికి తెలియల్ల కదా, యా పొద్దు ఏం చేసినామో.” ఒక మరమ్మతు చేసేవాడు తన తర్వాతివాడికి రాసుకునే ఉత్తరం అది.

1986 ఏప్రిల్ ఎండకు నా బ్రిడ్జి వెనక అంచు లేచింది. సందులో పోస్టుకార్డు దూరేది. పదో తేదీ గురువారం దేవసహాయం నన్ను వసారాకు తీసుకెళ్ళాడు. దస్తగిరి బ్రిడ్జిని పూర్తిగా విప్పి, పాత జిగురు గీకి, కొత్త సరేసు పూసి కూర్చాడు. కడుపులో కొలిచి కోసిన పుల్ల ఒకటి ఊతంగా నిలబెట్టాడు. బ్రిడ్జి మీద ఒక పాత ఇత్తడి ఇస్త్రీపెట్టెను, ఇసుక నింపి, బరువు పెట్టాడు.

“శనివారం సాయంత్రం దాంక ఈ బరువు తీయగూడదు సారూ. రెండు దినాలు.”

“రేపు రైల్వే వారోత్సవాల ప్రోగ్రాముందన్నా. డివిజన్ పెద్దసారు వస్తాండాడు.”

“ఆర్కెస్ట్రాలో ఇంగొక గిటారుండాది కదా. దాన్ని వాయించండి. ఇది తడి ఆరల్ల. మనం తొందరపడితే అది తొందరపడదు.”

దేవసహాయం సరేనన్నాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్ళీ వచ్చాడు. శుక్రవారం ఒంటిగంటకు దస్తగిరి మసీదులో ఉంటాడని ఊళ్ళో అందరికీ తెలుసు. నేను ఈ మాటను ముప్పై తొమ్మిదేళ్ళుగా అటూ ఇటూ తిప్పి చూశాను. వేరే అర్థం తీయడానికి ప్రయత్నించాను. రాలేదు.

దస్తగిరి భార్య కాశీంబీ వసారాలో చింతపండు ఒలుస్తూ ఉంది. దేవసహాయం ఇస్త్రీపెట్టె ఎత్తి కింద పెట్టడం చూసి లేచింది.

“సారూ, ఆయన రేపు సాయంత్రం అని చెప్పినాడే.”

“నేను చెప్తాలే వదినా. మెల్లగా వాయిస్తా.”

“ఆయనొచ్చి నన్నడిగితే?”

“సారు తీసుకపోయినాడని చెప్పు. నాకేమన్నా కొత్తా?”

ఆ సాయంత్రం వాయించవలసిన ముక్కను ఆయన నలభై రోజులు సాధన చేశాడు. వేరే గిటారు మీద అది తన చేతికి అందదని అనుకున్నాడు. నిజానికి అందేది. నా మీద వాయించడమే కావాలి ఆయనకు.

తీగలు బిగించారు. ఆరు తీగల లాగుడు కలిపితే ఒక పెద్దమనిషి వేలాడినంత బరువు. రెండో పాటకే నా బ్రిడ్జి కింద తడి జిగురు జారుతున్నట్టు నాకు తెలిసింది. అప్పుడే నేను శ్రుతి తప్పి ఉంటే ఆయన వాయించడం ఆపేవాడు, నన్ను పక్కన పెట్టేవాడు. నేను తప్పలేదు. దీపాలున్నాయి, జనం ఉన్నారు, నేను కూడా ఆ ముక్క పలకాలనుకున్నాను. ఈ కథలో నా వంతు సిగ్గు అది.

మూడో పాటలో, సరిగ్గా పల్లవి అయిపోయిన చోట, తుపాకి పేలినట్టు చప్పుడైంది. బ్రిడ్జి తీగలతో సహా లేచి దేవసహాయం మోచేతికి తగిలి కింద పడింది. పాట ఆగింది. ఎక్కడో ఈల వేశారు. ముందు వరసలో ఎవరో అడిగారు, “ఏమాయ సార్?”

మైకు ఆయన నోటి ముందే ఉంది.

“ఏం లేదప్పా,” అన్నాడు దేవసహాయం. “దస్తగిరి అతుకు.”

జనం గొల్లున నవ్వారు. ఆయన ముఖం అంతవరకూ తెల్లబోయి ఉంది. ఆ నవ్వు వినగానే కుదుటపడింది. ఆయన కూడా కొంచెం నవ్వాడు. తూచి మాట్లాడే మనిషి ఆ రెండు మాటలూ తూచలేదు. కాదు, తూచే అన్నాడేమో. నాకు తెలియదు.

ఆర్కెస్ట్రాలో పాండురంగడని ఒకడు మిమిక్రీ చేసేవాడు. ఒకసారి జనం నవ్విన మాటను ప్రాణం పోయినా వదలడు. ఆ రోజు నుంచి ప్రతి ప్రోగ్రాములో మైకు పట్టుకుని, “మాది దస్తగిరి అతుకు కాదు, నడుమన ఊడేదానికి,” అని మొదలుపెట్టేవాడు. రెండు నెలల్లో మాట ఊరిదైపోయింది. చెప్పు తెగితే దస్తగిరి అతుకు. పెళ్ళి సంబంధం చెడితే దస్తగిరి అతుకు. కౌన్సిల్లో రెండు పార్టీలు కలిసి ఆరు నెలలకు విడిపోతే, వక్క నములుతున్న పెద్దమనుషులు కూడా అదే అన్నారు. మనుషులు ఒక మాటను పట్టుకుంటే దాని వెనక ఎవరున్నారో చూడరు. చూడకపోతేనే మాట తేలిగ్గా నడుస్తుంది.

తొమ్మిది రోజులకు, ఆదివారం, దేవసహాయం చర్చి నుంచి వచ్చేసరికి దస్తగిరి మా గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. చేతిలో సరేసు గిన్నె, సంచిలో ఇస్త్రీపెట్టె.

“ఇట్లియ్యండి సారూ,” అన్నాడు.

కూర్చున్నచోటే పని చేశాడు. దేవసహాయం కాఫీ తెచ్చి పక్కన పెట్టాడు. తాగమని కూడా అనలేకపోయాడు. బరువు పెట్టాక దస్తగిరి లేస్తూ ఒక్క మాట అన్నాడు.

“ఈ తూరి నేనొచ్చి తీస్తా. మీరు ముట్టుకోవాకండి.”

అంతకంటే నిష్ఠూరం ఆయన నోట రాలేదు. మూడో రోజు వచ్చి బరువు తీశాడు. అద్దం పెట్టి నా కడుపులో ఏదో రాసి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

వసారాకు హార్మోనియాలు రావడం తగ్గింది. భజన గుడివాళ్ళు బళ్ళారికి పంపడం మొదలుపెట్టారు. చర్చి హార్మోనియం కూడా బళ్ళారికే వెళ్ళింది. దాన్ని రైల్లో పెట్టి పంపిన ముగ్గురిలో దేవసహాయం ఒకడు. ‘దస్తగిరికి ఇద్దామా’ అని ఎవరో అంటే మిగతావాళ్ళు నవ్వారు. దేవసహాయం రైలు టైము అడిగాడు. మరుసటి ఏటి నుంచి దస్తగిరి టమోటా మండీలో పెట్టెలకు మేకులు కొట్టే పనికి వెళ్ళాడు. చెక్కకు చెవి ఆనించి వినే మనిషి రోజుకు రెండు వందల పెట్టెలు కొట్టేవాడని విన్నాను. టమోటా పెట్టెకు సరేసు అక్కర్లేదు.

దేవసహాయం తర్వాత కూడా పాతికేళ్ళకు పైగా వాయించాడు. బాగానే వాయించాడు. కానీ ఆ మూడో పాటను మళ్ళీ ఎప్పుడూ ముట్టుకోలేదు. కొన్నిసార్లు వాయిస్తూ వాయిస్తూ ఆగి, బొటనవేలితో నా బ్రిడ్జి అంచు తడిమేవాడు. సందు కోసం వెతికేవాడు. దొరికి ఉంటే ఆయనకు కొంత ఊరట కలిగేదేమో. దొరకలేదు.

2012లో బడి నుంచి రిటైరయ్యాడు. సన్మాన సభకు నన్ను కూడా తీసుకెళ్ళాడు. ముందురోజు ఒక కాగితం మీద ఏదో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. రాసేటప్పుడు ఆ కాగితాన్ని నా వీపు మీదే ఆనించుకున్నాడు కాబట్టి అందులో ఏముందో నాకు తెలుసు. ‘1986లో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో నేను ఒక అబద్ధం చెప్పాను’ అని మొదలవుతుంది.

దస్తగిరి వచ్చాడు. ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన్ని పిలిచింది దేవసహాయమే.

ముందు హెడ్మాస్టరు మాట్లాడాడు. “ముప్పై మూడేండ్ల సర్వీసులో సారు నోటి నుంచి ఒక్క తప్పు మాట విన్నామా? మీరు చెప్పండి పిల్లలూ.” లేదు సార్ అని పిల్లలు ఒక్కగొంతుతో అరిచారు.

దేవసహాయం మైకు దగ్గరకు వచ్చాడు. కాగితం తీశాడు. ఒక మడత విప్పాడు. రెండో మడత విప్పాడు. మళ్ళీ మూసి జేబులో పెట్టుకుని, “మాట్లాడేది నాకు రాదు. వాయిస్తాను,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వినయం అనుకున్నారు.

సభ అయ్యాక దస్తగిరి దగ్గరకు వచ్చి నా బ్రిడ్జి మీద అరచెయ్యి పెట్టాడు. ఆ చేతికి రెండు గోళ్ళు లేవు. సుత్తి దెబ్బలు.

“అతుకు గట్టిగుండాది సారూ,” అన్నాడు.

“గట్టిగుందన్నా,” అన్నాడు దేవసహాయం.

దస్తగిరి కొంచెంసేపు నిలబడ్డాడు. ఇంకేమైనా వస్తుందేమోనని నిలబడ్డాడని నేననుకున్నాను. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

2023 వానాకాలంలో దస్తగిరి పోయాడు. జనాజా మా వీధి మీదుగానే వెళ్ళింది. దేవసహాయం రోడ్డుకు ఇవతలి వైపు, టీ అంగడి పక్కన నిలబడ్డాడట. భుజం పట్టడానికి దాటలేకపోయాడు. ఇంటికొచ్చి నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాయించలేదు.

నెల తిరిగాక నన్ను బళ్ళారి తీసుకెళ్ళాడు. పై తీగ ఒకటి గీరుకుంటోందని చెప్పాడు. తీగ గీరుకుంటున్నది నిజమే, కానీ అది ఏడేళ్ళుగా గీరుకుంటోంది. ఆ దుకాణం ఆయన నా కడుపులోకి చిన్న దీపం, పంటి డాక్టర్ల అద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

“సార్, ఈ బ్రిడ్జి ఎవరు అతికించినారు?”

“ఏమిటికప్పా?”

“నేను దీన్ని ముట్టను. ఇట్లాంటి పని ఇప్పుడు చేసేవాళ్ళు లేరు. లోపల రాసినారు, చదివేదా?”

దేవసహాయం తల ఊపాడు.

“ద.గి. 10-4-86, గురువారం. బ్రిడ్జి అతికించడమైనది. శనివారం సాయంత్రం వరకు బరువు తీయరాదు.” ఆయన అద్దం కొంచెం పక్కకు జరిపాడు. “దాని కింద ఇంకొకటుంది. 22-4-86. మళ్ళీ అతికించడమైనది. అంతే సార్. రెండుసార్లు ఎందుకు అతికించినారో రాయలేదు. ఎవరు సార్ ఈ ద.గి.?”

“దస్తగిరి,” అన్నాడు దేవసహాయం. ఏ ఊరి దస్తగిరో, మొదటి అతుకు ఎందుకు ఊడిందో చెప్పలేదు.

సాక్ష్యం అన్నేళ్ళూ నా కడుపులోనే ఉంది. తర్వాతివాడి కోసం ఎవరు ఏం చేశారో రాసే చోట కూడా దస్తగిరి తన తరఫున ఒక్క ముక్క రాసుకోలేదు.

నలభయ్యో దినం ఫాతెహా ప్రార్థనకు కాశీంబీ కబురు పంపింది. దేవసహాయం నన్ను కూడా తీసుకుని వెళ్ళాడు. ఇంటి ముందు షామియానా కడుతున్నారు. దేవసహాయం వసారాలో కాశీంబీ ఎదురుగా కూర్చున్నాడు. అదే వసారా. ఇస్త్రీపెట్టె మూలన ఉంది, దానిలో ఇసుక అలాగే ఉంది.

“వదినా, ఆ పొద్దు…” అని మొదలుపెట్టాడు.

“నాకు తెల్దా సారూ. బరువు ఎత్తింది నా కండ్ల ముందరే కదా.”

“అన్నకు చెప్పినావా?”

“ఆ పొద్దే చెప్తి. ఊర్లో నలుగురికీ చెప్దామని నేనంటే వద్దన్న్యాడు. ‘సారు అబద్ధం చెప్పినాడని తెలిస్తే రేపు బడిలో ఆయనెట్ల నిలబడల్ల? ఆయనే చెప్తాడులే, చూడు,’ అన్న్యాడు.” ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. “శానా దినాలు చూసె.”



ఆ సమయానికి బయట షామియానా తాడు తెగి ఒక పక్క వాలింది. గుంజ మీదున్న పాతికేళ్ళ పిల్లవాడు కిందున్నవాణ్ణి తిట్టాడు. “ఏం ముడేసినావురా? దస్తగిరి అతుకు మాదిరి!”

వాడికి తెలియదు. దస్తగిరి ఒక మనిషి అనీ, తాను కడుతున్న షామియానా ఆయన కోసమేననీ వాడికి నిజంగా తెలియదు. కాశీంబీ తల ఎత్తలేదు.

“నాకు చెప్పి ఏం లాభం సారూ,” అంది నెమ్మదిగా. “అట్లాంటోళ్ళకి చెప్పల్ల.”

దేవసహాయం నన్ను పట్టుకుని లేచాడు. షామియానా కిందకు వెళ్ళి ఆ పిల్లవాడి గుంజ దగ్గర నిలబడ్డాడు. వాడు పైనుంచి చూశాడు.

“ఏం సార్, పాట వాయిస్తారా ఏమి?”

“లేదప్పా.”

“మరి?”

“ఏం లేదు. గట్టిగా కట్టు.”

తిరిగి వచ్చి వసారాలో కూర్చున్నాడు. అన్నం పెడితే తిన్నాడు. వచ్చేటప్పుడు కాశీంబీ గడప దాకా వచ్చింది.

ఇప్పుడు నేను గోడకు తగిలించి ఉన్నాను. ఎడ్విన్ దొర దయ్యమై రాలేదు. దేవసహాయానికి డెబ్భై ఒకటి. నాలుగు మడతల కాగితం నా తీగల మధ్య దోపి ఉంది. నా బ్రిడ్జి చెక్కుచెదరలేదు. దాని కింద పోస్టుకార్డు కాదు గదా, పోస్టు బిళ్ళ కూడా దూరదు. ఊళ్ళో చెప్పు తెగితే ఇప్పటికీ అదే మాట అంటారు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఏటా ఏప్రిల్‌లో వేదిక కడతారు, మైకు పెడతారు, పాత కళాకారుడని ఆయన్ని పిలుస్తారు. దస్తగిరి పోయాక రెండు ఏప్రిల్‌లు వచ్చి వెళ్ళాయి. రెండుసార్లూ ఆయన ముందు వరసలో కూర్చుని వచ్చాడు.

దస్తగిరి వేసిన అతుకు దానంతట అది ఊడలేదనీ, ఆరకముందే బరువు తీసింది తాననీ దేవసహాయం ఆ మైకులో ఇంకా చెప్పలేదు.